మూడు చోట్ల మాటిచ్చిన పేరు

మొన్న కార్తీకంలో మా నల్గొండ, మహబూబ్‌నగర్ దిక్కు కొన్నాళ్ళు తిరిగి వచ్చాను. కార్తీకం కాబట్టి పుణ్యానికి పోయాననుకుని మా వీధిలో ఇద్దరు ముగ్గురు ప్రసాదం అడిగారు. నేను పోయింది ఇచ్చిన మాటలు వెనక్కి అడగడానికి. అలాంటి పనికి ప్రసాదం ఉండదు. అయినా ఆ దారులు చూడనివాళ్ళ కోసం, నాలాగా నోరు జారే అలవాటున్నవాళ్ళ కోసం కూడా, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు నా సంగతి. చాలా ఏళ్ళు ఒక మందుల కంపెనీకి రిప్రజెంటేటివ్‌గా పనిచేశాను. బండి వెనక సంచి కట్టుకుని రోజుకో ఊరు. డాక్టరు ఏదడిగినా "వచ్చే నెల తెస్తా సార్" అనాలి. తేగలనో లేదో తరువాతి మాట. ఉద్యోగం అయిపోయింది గాని ఆ నాలుక అట్లాగే ఉండిపోయింది. కాళ్ళు కూడా. ఒకచోట కూచోమంటే నాకు ఊపిరాడదు.

మాధవి నా ఒక్కతే బిడ్డ. హాలియాలో వ్యవసాయ విస్తరణ అధికారి. అల్లుడు శ్రీకాంత్‌కు మహబూబ్‌నగర్‌లో ఉద్యోగం. శనివారం వచ్చి సోమవారం తెల్లారి పోతాడు. వాళ్ళకు రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి డాక్టరమ్మ మంచం దిగొద్దన్నది. తల్లి ఉంటే పుట్టింటికి తెచ్చుకునేది. మా ఆవిడ పోయి చాలా కాలమైంది, నల్గొండలో మా ఇంటికి మెట్లెక్కాలి. అందుకని మాధవి హాలియాలోనే, బస్టాండు పక్కన కిరాయికున్న ఇంట్లోనే ఉండిపోయింది. నేను వారానికోసారి పోయి, బత్తాయిలు పెట్టి, "ఏం ఫికర్ చెయ్యకు బిడ్డా" అని చెప్పి, వచ్చిన బస్సే మళ్ళీ ఎక్కేవాణ్ణి.

మిగతా రోజుల్లో మొక్కుకుంటూ తిరిగాను. మా దిక్కు పుట్టిన బిడ్డకు మొక్కిన చోటి పేరు పెట్టడం మామూలే. నల్గొండ పల్లెల్లో రామలింగాలు, యాదగిర్లు, సైదులు అందుకే అంతమంది. నేను చెర్వుగట్టు రామలింగస్వామి గుడికి పోయి, ఆడపిల్లయితే స్వామి పక్కనున్న అమ్మవారి పేరు, పార్వతి అని పెడతానన్నాను. మనసు నిలవక జాన్‌పహాడ్ సైదులు దర్గాకు పోయి సైదమ్మ అని పెడతానన్నాను. అప్పటికీ నిలవక వియ్యంకుడి వెంట కురుమూర్తి కొండెక్కి, ఆయన ముందరే, కురుమమ్మ అని పెడతానన్నాను. పుట్టేది ఒక్క బిడ్డేనన్న సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నాను.

నల్గొండ దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా హాలియా చేరారు. తరువాత నేను పోయేసరికి మాధవి ఒళ్ళో పాపతో గోడకు ఆనుకుని కూచుని ఉంది.

"బాపూ, కురుమమ్మ ఎవరు?" అన్నది. "మామ ఫోన్ చేసి మా కురుమమ్మ ఎట్లున్నది కోడలా అంటున్నడు."

చెప్పాను.

"ఇంకేడన్న మొక్కినవా?"

"చెర్వుగట్టు."

"ఇంకా?"

"జాన్‌పహాడ్."

"నేను కన్నది ఒక్కదాన్నే బాపూ. నీ మాటలకు సరిపోను ఇంకో ఇద్దర్ని కనాల్నా?"

నేను నవ్వబోయాను. ఆమె నవ్వలేదు.

"మొక్కులను నమ్ముతనో లేదో నాకే తెల్వదు. నమ్మనని అనేటంత ధైర్యమైతే లేదు, రెండు పోయినయి. ఇప్పుడు నాకు నచ్చిన పేరు పెట్టుకున్ననే అనుకో. రేపు దీనికి జర ఒళ్ళు వెచ్చబడితే ముందుగాల నీ మొక్కులే యాదికొస్తయి. నేనట్ల భయపడుకుంట పెంచలేను. ముగ్గురి దగ్గరికీ పోయి, ఇయ్యనని చెప్పి రా. చెప్పి వచ్చేదాకా దీన్ని పాప అనే పిలుస్త. ఇరవై ఒకటో నాడు తొట్టెల. ఆనాడు నేను అనుకున్న పేరు పెడత."

"ఏం పేరు బిడ్డా?"

"నీకు చెప్తే ఇంకెవరికన్న మాటిస్తవ్."

చెర్వుగట్టు

నార్కట్‌పల్లిలో దిగేసరికి ఎండ ఇంకా ముదరలేదు. హైదరాబాదు, విజయవాడల మధ్య తిరిగే కార్లన్నీ టిఫిన్‌కు ఆగే చోటు అది. పెద్ద హోటల్లో దోసె ధర బోర్డు మీద చూసి బయటికి వచ్చి, లారీల పక్కన బండి మీద అందులో సగానికి తిన్నాను. చట్నీ ఘాటుగా ఉంది. బండామె నా సంచీ చూసి "గట్టుకేనా? అమాస గాదుగద ఇయ్యాల" అన్నది. అమావాస్యకైతే అక్కడ కాలు పెట్టే జాగా ఉండదు. ఆ రోజు ఖాళీ. నాకూ ఖాళీయే కావాలి. నలుగురిలో మాటివ్వడం చేతనైనవాడికి నలుగురిలో వెనక్కి తీసుకోవడం చేతకాదు.

గుట్ట మీద పెద్ద పెద్ద గుండ్లు ఒకదానికొకటి ఒరుసుకుని ఉంటాయి. వాటి మధ్య సందులోంచి మనిషి పక్కకు తిరిగి జరుగుతూ పోవాలి. భక్తి ఉంటే ఎంత లావు మనిషైనా పడతాడంటారు. నేను సగం దాకా పోయి ఆగిపోయాను. ముందుకు రాదు, వెనక్కి పోదు. చల్లటి రాయి, చెంపకు ఆనుకుని. వెనక నుంచి ఒక ఆడగొంతు.

"ఓ పెద్దాయనా, ఆగినవేంది? అండ్ల బస్సేమన్న వస్తదా?"

"సంచి పట్టుకున్నదమ్మా."

"సంచి కాదు, పొట్ట. ఊపిరంత ఇడువు. ఇడిసినవా? ఇంక ఇడువు."

ఊపిరి వదిలాను. ఆమె భుజంతో ఒక్క తోపు తోసింది. చొక్కా గుండీ ఒకటి గుండ్లకు సమర్పించుకుని బయటపడ్డాను.

పైన నీడలో కూచున్నప్పుడు ఆమే కొబ్బరిముక్క పెట్టింది. పేరు రామలింగమ్మ. మునుగోడు దిక్కు పల్లె. ఇంట్లో మామ రామలింగం, మరిది చిన రామలింగం, మనవడు రామలింగం. "పెండ్లిల భోజనాలకు రామలింగాన్ని పిలువుమంటే బంతి సగం లేసొస్తది" అని తనే పడి పడి నవ్వింది. నా కథ విని, "దానికింత తిరుగుడేంది? మా మనవడు బడిల ఆర్యన్, ఇంట్ల రామలింగం. మీరు గూడ బడికొకటి, ఇంటికొకటి, పిలుసుటానికొకటి పెట్టుండ్రి. మూడు తీరుతయి" అన్నది. ఆ మాట నాకు తేనెలా అనిపించింది. మాధవి ముఖం గుర్తొచ్చి మింగేశాను.

గర్భగుడి దగ్గర పూజారికి సంగతి చెప్పాను. ఆయన ఏమంత ఆశ్చర్యపోలేదు. "పేరు బదులు పాప పుట్టువెంట్రుకలు ఇక్కడ తీయిస్తామని చెప్పుకోండి" అన్నాడు.

"తప్పకుండా తీయిస్తా పంతులుగారూ" అన్నాను.

గుట్ట దిగి, చెరుకురసం తాగుతూ ఉండగా గ్లాసు చేతిలో ఆగిపోయింది. ఇప్పుడే మళ్ళీ మాటిచ్చాను. వెంట్రుకలు నావి కావు. ఆ రసం సగంలో పెట్టేసి మెట్లెక్కాను. పూజారి తలుపు దగ్గరికేస్తున్నాడు.

"ఏం మరిచిపోయారు?"

"ఆ వెంట్రుకల మాట కూడా తీసేయండి."

"మరి స్వామికి ఏమిస్తారు?"

"ఏమీ లేదు. ఇయ్యలేనని చెప్పి పోదామనే వచ్చిన."

ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు. గుండీ లేని చొక్కా, చెమట. "సరే, చెప్పారు కదా" అని ఇంత కుంకుమ చేతిలో పెట్టాడు. మొక్కు వదిలిందో లేదో ఆయనా అనలేదు, నేనూ అడగలేదు.

దేవరకొండ మీదుగా

మరుసటి రోజు మహబూబ్‌నగర్ ప్రయాణం. కాలువనీళ్ళ కింద పెరిగినవాణ్ణి నేను. మా హాలియా, మిర్యాలగూడ దిక్కు ఈ రోజుల్లో ఎటు చూసినా వడ్లే. దేవరకొండ దాటితే నేల రంగే మారుతుంది. ఎర్రమట్టి, రాళ్ళు, వాటి మధ్య పత్తి. మనుషులు కూడా మాట్లాడేటప్పుడు మధ్యలో ఒకసారి ఆకాశం వైపు చూస్తారు. మా దిక్కు కాలువ ఎప్పుడు వదులుతారని అడుగుతాం. అక్కడ వాన సంగతి అడుగుతారు.

కల్వకుర్తి ముందర ఒకామె సీతాఫలాల గంపతో ఎక్కింది. గంప కింద పెట్టి, మిగిలినవి కొన్ని గుడ్డలో కట్టి సీటు మీద పెట్టింది. నేను కిటికీలోంచి చూస్తూ చూస్తూ జరిగి వాటి మీద కూచున్నాను. పండిన సీతాఫలం చప్పుడు చెయ్యదు. చల్లగా తెలుస్తుంది, అంతే.

"కూసున్నవా?" అన్నది ఆమె.

"చూసుకోలేదమ్మా."

"కూసున్నవ్ గద. ఇగ కొను."

బస్సంతా నవ్వింది. కొన్నాను. అడిగినంత ఇచ్చాను. ఆమె జాలిపడి గంపలోంచి రెండు మంచివి ఒళ్ళో వేసి, "గివి చేతుల పట్టుకో, వీటి మీద కూసోకు" అని హెచ్చరించింది. జడ్చర్లలో దిగి కుళాయి కింద పంచె కడుక్కున్నాను. తడి పంచెతోనే మహబూబ్‌నగర్ బస్సెక్కాను. ఎందుకంత తొందర అని ఇప్పుడు అనిపిస్తుంది. ఆరేదాకా ఒక అరగంట ఎండలో కూచుంటే పోయేది. కూచోబుద్ధి కాలేదు.

కురుమూర్తి

వియ్యంకుడు కురుమయ్యది కొండకు దగ్గరి పల్లె. పేరులోనే తెలుస్తుంది. వాళ్ళ తండ్రీ కురుమయ్యే, పెద్దకొడుకు కురుమూర్తి. మా అల్లుడు కాగితాల మీద శ్రీకాంత్, ఇంట్లో మాత్రం కురుమన్న. వియ్యంకుడు మంచి మనిషి. నోట్లో ఉన్నది చేతిలో ఉంటుంది, చేతిలో ఉన్నది పళ్ళెంలో ఉంటుంది. నన్ను చూడగానే కౌగిలించుకుని, తడి పంచె చూసి, "ఏంది బావా, మనవరాలు పోసిందా? ఈడిదాక ఆరలేదా?" అన్నాడు. ఇంట్లో అందరూ నవ్వారు. ఆ నవ్వులో చెప్పాల్సింది చెప్పేస్తే బాగుండేది.

జొన్నరొట్టె, పల్లీల పచ్చడి, వంకాయకూర పెట్టారు. మా ఇళ్ళలో జొన్నరొట్టె అంటే షుగరున్నవాళ్ళ తిండి. వాళ్ళ ఇంట్లో పిల్లలు కూడా వేడివేడిగా చేతుల్లో మార్చుకుంటూ తింటారు. నాకు రెండో రొట్టెకే దవడ నొప్పి పుట్టింది. వియ్యపురాలు చూసి, అనకుండానే అన్నం తెచ్చింది.

జాతర చివరి రోజులు. కొండ కింద బొమ్మల దుకాణాలు సగం విప్పేస్తున్నారు. కురుమూర్తి స్వామికి దగ్గరి ఊరివాళ్ళు ఉపవాసముండి తోలుతో పెద్ద చెప్పులు కుట్టి తెస్తారు. ఉద్దాలంటారు వాటిని. జనం తలకూ వీపుకూ తాకించుకుంటారు, చేసిన తప్పులు పోతాయని. నేనూ వంగాను. వీపు మీద మెత్తగా పడింది. ఇంత తేలికా అనిపించింది. పైన స్వామి ముందు నిలబడి, పెదవులు కదలకుండా చెప్పుకున్నాను. స్వామీ, ఆ పేరు ఇవ్వలేను, అది నాది కాదు. వియ్యంకుడు పక్కనే కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆయనకు వినపడకూడదనే పెదవులు కదపలేదు.

దిగేటప్పుడు చెప్పాలనుకున్నాను. ప్రతి మెట్టు దగ్గరా ఈ మెట్టు తరువాత అనుకున్నాను. అడుగున ఆయనే ఆగి, జేబులోంచి ఫోను తీశాడు.

"బావా, ఇది చూడు."

ఫ్లెక్సీ. తొట్టెల నాడు హాలియా వీధిలో కట్టడానికి చేయించిన నమూనా. గులాబీరంగు మబ్బుల మధ్య మా పాప నిద్రపోతోంది. కింద ఇంతింత అక్షరాల్లో "చిరంజీవి కురుమశ్రీ". పక్కన వాళ్ళింటి పెద్దలందరూ వరసగా. ఒక మూలన నేను, చేతులు జోడించి. నా ఫోటో ఎక్కడ దొరికిందో, మాధవి పెళ్ళిలోది.

"కురుమమ్మ అంటే ఈ కాలం పిల్లలు నామోషీ పడతరని, నేనే జర మార్పిచ్చిన. కోడలు కూడా సంబురపడతది. ఎట్లున్నది?"

ఆయన ముఖం వెలిగిపోతోంది. తన తాత నుంచి వస్తున్న పేరును ఒక ఆడపిల్ల కోసం ఆయన ఎంత కష్టపడి మార్చి ఉంటాడో నాకు తెలుసు.

"మస్తున్నది బావా" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "పిల్ల ఫోటో ఇంక జర పెద్దగ పెట్టించు" అన్నాను.

తిరుగు బస్సులో మూడుసార్లు ఫోను చేతిలోకి తీసుకుని మూడుసార్లు జేబులో పెట్టాను. దేవుడికి చెప్పి వచ్చాను కాబట్టి సగం పని అయిందని నాకు నేను చెప్పుకున్నాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా అంతే. అమ్మని మందును అమ్మినట్టు మేనేజరుకు చెప్పి, వచ్చే నెల సర్దుకుంటుందిలే అనుకునేవాణ్ణి.

జాన్‌పహాడ్

మిర్యాలగూడ దాటాక రోడ్డు మీద సగం వెడల్పున వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఆటో మిగిలిన సగంలో పోవాలి. ఎదురుగా ట్రాక్టరు వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. మా ఆటోడ్రైవరు వెనక్కి పోయే రకం కాదు. ట్రాక్టరువాడూ కాదు. ఇద్దరూ ఇంజన్లు ఆపి బీడీలు వెలిగించి, ఈసారి వడ్ల రేటు గురించి మాట్లాడుకున్నారు. చివరికి కాళ్ళతో వడ్లు కలియబెడుతున్న ముసలాయన వచ్చి ఇద్దర్నీ తిట్టి, ట్రాక్టరును జరిపించాడు.

జాన్‌పహాడ్ దర్గాకు వచ్చేవాళ్ళలో తురకలకంటే తెలుగు రైతులు, లంబాడీలు ఎక్కువ కనిపిస్తారు. యాటను తెచ్చి, అక్కడే కోసి వండి, నలుగురికీ పెట్టి పోతారు. కందూరు అంటారు దాన్ని. చెట్ల కింద పొయ్యిలు, మసాలా వాసన, అన్నం గంజి వంపుతుంటే లేచే ఆవిరి. ఎవరు ఎవరిని పిలుస్తున్నారో తెలియదు. అందరూ అందరినీ పిలుస్తుంటారు.

లోపల దర్గా చూసుకునే ముజావర్ నెమలీకల కట్ట నా తలకు తాకించాడు. సంగతి చెప్పాను.

"పేరు పెట్టినోళ్ళూ వస్తరు, పెట్టనోళ్ళూ వస్తరు" అన్నాడాయన. "ఈ దర్వాజకు తాళమైతే లేదు గదా. దువా చేసుకొని పో."

మూడో చోటు కూడా అయిపోయింది. నేను ఊహించినంత కోపంగా ఎవరూ లేరు. ఆ తేలికతనమే నన్ను నిలవనీయలేదు. బయట అటూ ఇటూ తిరుగుతుంటే ఒక లంబాడీ కుటుంబంవాళ్ళు పిలిచి కూచోబెట్టారు. వాళ్ళ పిల్లవాడికి ఆ రోజే సైదా అని పేరు పెట్టారు. వాడు నిద్రపోతున్నాడు, నుదుటన గంధం. విస్తరిలో అన్నం, కూర వేసింది పిల్లవాడి నానమ్మ. అంచుల్లో అద్దాలు కుట్టిన రవిక, గరుకు గొంతు.

"ఒక్కనివే వచ్చినవ్, కందూరా?"

తింటూ తింటూ అంతా చెప్పాను. మూడు మొక్కులు, మూడు ప్రయాణాలు. గుండ్లలో ఇరుక్కున్నది, సీతాఫలాల మీద కూచున్నది. వాళ్ళు బాగా నవ్వారు. నేను కథ చెప్పడంలో మంచివాణ్ణే.

ఆమె మాత్రం నవ్వు మధ్యలో ఆపి అడిగింది. "పచ్చి బాలెంత గద. నీళ్ళెవలు పోస్తున్నరు?"

"ఇంటి ఓనరమ్మ. మహబూబ్‌బీ అని."

"మంచం మీదున్నప్పుడు?"

"అప్పుడూ ఆమెనే."

"ఆమెకేం మొక్కినవ్?"

నేను ఎముక విస్తరి అంచున పెట్టాను. ఆమె ఇంకో గంటె కూర నా అన్నం మీద పోసి పక్కవాళ్ళ వైపు పోయింది. ఆ కూర తినడానికి చాలాసేపు పట్టింది.

హాలియా

సాయంత్రానికి హాలియా చేరాను. మహబూబ్‌బీ గుమ్మంలోనే నిలిపేసింది. "భాయ్‌సాబ్, ఏడేడ తిరిగొచ్చినవో. చేతులు కాళ్ళు కడుక్కొని రా. పంచె గూడ మార్చు." ఆమె మా అక్క వయసు మనిషి. చీరలకు ఫాల్స్ కుడుతుంది. కుట్టుమిషను ఇదివరకు ముందుగదిలో ఉండేది. ఇప్పుడు మాధవి మంచం పక్కన ఉంది. ఎప్పుడు జరిపారని అడిగాను.

"ఎండాకాలంలనే" అన్నది ఆమె. "పిల్ల ఒక్కతే పండుకుంటే భయపడతదని. నువ్వు వచ్చినప్పుడు చూడలేదా?"

చూడలేదు. బత్తాయిలు పెట్టిన బల్ల మాత్రం గుర్తుంది.

మాధవి ముందు కూచుని చెప్పాను. చెర్వుగట్టు, జాన్‌పహాడ్ అయ్యాయి. కురుమూర్తిలో స్వామికి చెప్పాను, వియ్యంకుడికి చెప్పలేదు. చెప్పకపోగా ఫ్లెక్సీ బాగుందన్నాను. ఫోటో పెద్దది చేయమన్నాను. కథలాగా చెప్పకుండా ఉండడానికి ప్రయత్నించాను.

ఆమె పాప దుప్పటి సర్దింది. "ఫోన్ చెయ్యి. నా ముందట చెయ్యి."

చేశాను. వియ్యంకుడు ఎత్తగానే "ఫ్లెక్సీ వచ్చింది బావా, ఇంటి ముందు పరిచి చూస్తున్నం" అన్నాడు. వెనక పిల్లల గొంతులు.

"బావా, అది కట్టొద్దు."

"ఏం? అక్షరమేమన్న తప్పువోయిందా?"

"పేరే అది కాదు. తప్పు నాది. నీకు మాటిచ్చినప్పుడు మాధవిని అడగలే. మొన్న నీ ముందట నిలబడి కూడా చెప్పలే. నీ ముఖం చూసి చెప్పలేకపోయిన."

"మరేం పేరు?" అన్నాడు.

నాకు తెలియదు. మాధవి వైపు చూశాను. ఆమె ఫోను దగ్గరికి వంగి, "హాలియా, మామా" అన్నది.

"హాలియా ఏంది?"

"పేరే. పాప పేరు."

"అది ఊరు గదా బిడ్డా. బస్సు బోర్డు మీద రాసే పేరు. ఇంకొకరు పుడితే మిర్యాలగూడ అని పెడతరా?"

"కురుమూర్తి కూడా ఊరే గదా మామా."

ఆయన ఫోను పెట్టేశాడు. మహబూబ్‌బీ మిషను తొక్కడం ఆపి ఉంది. మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది.

ఎందుకా పేరని అడిగాను. మాధవి కిటికీ వైపు చూపించింది. "గా కిటికీ అవతలనే బస్సులు ఆగుతయి. ఆగంగనే కండక్టరు హాలియా, హాలియా దిగాలె అని మొత్తుకుంటడు. పొద్దందాక అదే. మొదట్ల చెవుల మీద దిండు పెట్టుకున్న. తర్వాత తర్వాత, ఈ బస్సు పోయింది, కడుపుల ఇది ఇంకా ఉన్నది, ఇంకో బస్సు దాకా ఉంటది అనుకునేదాన్ని. ఇంకో బస్సు వచ్చేది. అట్లనే నెలలు ఎల్లినయి. నాకు వేరే గుడి ఏది లేదు బాపూ." కిటికీ మీంచి చూపు తిప్పకుండానే, "కొన్నిసార్లు నువ్వు దిగుతవేమో అని కూడా చూసిన. నువ్వొచ్చే రోజు కాకున్నా" అన్నది.



తొట్టెల నాడు వియ్యంకుడు వచ్చాడు. రాకుండా ఉండే మనిషి కాదు. పాపకు వెండి కడియాలు తెచ్చాడు, కోడలి తల మీద చెయ్యి పెట్టాడు, మహబూబ్‌బీ వండిన బగారా అన్నం రెండోసారి అడిగి తిన్నాడు. నా వైపు చూడలేదు. ఇప్పటికీ నన్ను బావా అని పిలవడు. "మాధవి వాళ్ళ నాయిన" అంటాడట. నాకది తగినదే. శ్రీకాంత్ అక్క, పాప మేనత్త, తొట్టెలోకి వంగి పేరు పిలిచింది. చెవిలో ఏమన్నదో నాకు తెలియదు, కాస్త ఎక్కువసేపే వంగింది. పైకి మాత్రం హాలియా అన్నది. వీధి ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఒకామె, "మంచిదే, తప్పిపోతే ఎవలన్న బస్సెక్కించి పంపుతరు" అన్నది. మాధవి కూడా నవ్వింది.

మొక్కులు వదిలాయా అంటే నేను చెప్పలేను. మూడు చోట్లా ఎవరూ కాదనలేదు, ఎవరూ సరేనని రాసివ్వలేదు. ఆ గుబులు నాకుంది. మాధవికి అది పోయిందా అని అడిగే ధైర్యం లేదు.

చుట్టాలు వెళ్ళిపోయాక నేనూ సంచి భుజాన వేసుకున్నాను. నల్గొండ బస్సు వచ్చే వేళ. మాధవి తల విరబోసుకుని వచ్చి, "జర పాపను పట్టుకో, తల పోసుకొని వస్త" అని చేతుల్లో పెట్టి పోయింది. సంచి దించకుండానే మంచం అంచున కూచున్నాను. ఆమె వచ్చింది, తడి జుట్టు తువ్వాలలో చుట్టుకుని పక్కన ఒరిగింది, అట్లాగే నిద్రపోయింది. మహబూబ్‌బీ గిన్నెలు తోముతోంది. పాప నా మోచేతి మడతలో, నోరు కొద్దిగా తెరిచి. బస్సు వచ్చింది, పోయింది. కాసేపటికి ఇంకోటి. సంచి తాడు భుజాన్ని కోస్తోంది, ఎడమకాలు తిమ్మిరెక్కింది. కదిలితే ఇద్దరిలో ఎవరో ఒకరు లేస్తారు. ఏ చేత్తో సంచి దించాలో తెలియక కూచునే ఉన్నాను.